తిరిగిరాని అయిదో డాక్టరు

(ఫ్రిస్కోలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాను. చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాణ్ణి. అయినా ఈ రోజు ఒక డాక్టరు గురించి, ఒక యుద్ధం గురించి మాట్లాడబోతున్నాను. కారణం చివరికి మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్ళల్లో షోలాపూర్ దుప్పటి ఉండేది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. చలికాలం వస్తే ట్రంకుపెట్టెలోంచి అమ్మ తీసేది, ఉతికితే బకెట్టంతా తానే అయి కూర్చునేది, ఇరవై ఏళ్ళయినా చిరగనిది. ఆ దుప్పటి నేసిన ఊరు సోలాపూర్. మహారాష్ట్రలో ఉంది. కానీ ఆ మగ్గాల మీద ఆడిన చేతుల్లో చాలావరకు తెలుగు చేతులు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళి స్థిరపడ్డ పద్మశాలీలు వాళ్ళు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు, తెలుగు బడులు పెట్టుకున్నారు. మనం విమానం ఎక్కి చేసిన పనిని వాళ్ళు మనకన్నా ఎంతో ముందు కాలినడకన, ఎడ్లబండి మీద, రైలు మీద వెళ్ళి చేశారు. ప్రవాసాంధ్రులంటే అమెరికావాళ్ళే అనుకుంటాం గానీ, ఆ వరుసలో సోలాపూర్ వాళ్ళు మనకు పెద్దన్నలు.

ఆ సోలాపూర్‌లో 1910 అక్టోబరు 10న ఒక మరాఠీ కుటుంబంలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నీస్. ఆయన తెలుగువాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. గొప్పవాళ్ళందరినీ మనవాళ్ళని నిరూపించే అలవాటు మన సభల్లో కాస్త ఎక్కువే. ఈయన మనవాడు కాడు, మన మగ్గాల ఊరివాడు. ఆ చుట్టరికం చాలు నాకు.

మా ఆఫీసులో ఒక చైనా మిత్రుడున్నాడు. ఒకసారి భోజనాల దగ్గర, "మీ దేశం డాక్టరు కో డిహువా మాకు బాగా తెలుసు" అన్నాడు. అలాంటి పేరుతో మనకెవరున్నారా అని ఆలోచిస్తుంటే, తనే ఫోనులో బొమ్మ చూపించాడు. కోటు వేసుకున్న సన్నటి కుర్రాడు. కోట్నీస్! మనవాళ్ళలో చాలామందికి ఆయన వి. శాంతారామ్ 1946లో తీసిన సినిమా వల్ల తెలుసు. వాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడి నుంచే నేను ఈ కథ వెంట పడ్డాను.

కథలోకి వస్తాను. 1937 జూలైలో జపాన్ చైనా మీద పూర్తిస్థాయి యుద్ధం మొదలుపెట్టింది. చైనా సైన్యానికి తుపాకులు తక్కువ, డాక్టర్లు ఇంకా తక్కువ. ఆ సమయంలో కమ్యూనిస్టు సేనాని జు డే మన నెహ్రూ గారికి ఉత్తరం రాశాడు. మందులు పంపండి, వైద్యులను పంపండి అని. మనం అప్పటికి స్వతంత్ర దేశం కూడా కాదు. మన ఇంటికే దిక్కులేదు, పొరుగింటికి సాయమేమిటి అని ఎవరైనా అనవచ్చు. కాంగ్రెసు అలా అనలేదు. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్. ఆయన దేశానికి పిలుపునిచ్చాడు. చందాలు పోగయ్యాయి. ఒక అంబులెన్సు, మందులు, అయిదుగురు డాక్టర్లు సిద్ధమయ్యారు.

ఆ అయిదుగురి పేర్లూ చెప్పుకోవాలి. అలహాబాదు నుంచి డాక్టర్ అటల్ నాయకుడు. ఆయన అప్పటికే స్పెయిన్ అంతర్యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. నాగపూర్ నుంచి డాక్టర్ చోల్కర్, అందరిలో పెద్దవాడు. కలకత్తా నుంచి డాక్టర్ దేబేశ్ ముఖర్జీ, డాక్టర్ బిజయ్ కుమార్ బసు. అయిదోవాడు కోట్నీస్. బొంబాయి సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో చదివి, పైచదువుకు తయారవుతున్న 27 ఏళ్ళ కుర్రాడు. చైనా పట్టు అమ్ముకునేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేవారని తప్ప ఆ దేశం గురించి తమ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదని ఆయన చెల్లెలు మనోరమ చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు.

అయితే ఊరి గాలి కూడా కొంత ఉంటుంది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సోలాపూర్ ఎంతగా తిరగబడిందంటే, ఆ మే నెలలో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్దా అనే నలుగురిని ఉరితీశారు. అప్పటికి కోట్నీస్‌కు ఇరవై ఏళ్ళు. పరాయి సైన్యం వీధుల్లోకి వస్తే ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు ఎవరూ పుస్తకంలో చూపించక్కర్లేదు.

బొంబాయిలో వీరికి వీడ్కోలు పలికినవారు మన హైదరాబాదు సరోజినీ నాయుడు గారు. 1938 సెప్టెంబరు 1న 'రాజపుతానా' అనే ఓడ ఎక్కారు. కాంటన్‌లో సన్ యట్‌సెన్ సతీమణి సాంగ్ చింగ్‌లింగ్ ఎదురొచ్చి ఆహ్వానించారు. అక్కడి నుంచి హాంకౌ, తర్వాత చుంగ్‌కింగ్. ఊరి వెనక ఊరు జపాన్ చేతికి చిక్కుతుంటే, వీళ్ళు గాయపడినవాళ్ళకు వైద్యం చేస్తూ లోపలికి లోపలికి వెళ్ళారు. చుంగ్‌కింగ్‌లో శాంతినికేతన్ చీనాభవన్‌కు చెందిన ప్రొఫెసర్ తాన్ యున్‌షాన్ వీరికి చైనా పేర్లు పెట్టారు. అయిదుగురి పేర్ల చివరా 'హువా' అని చేర్చారు. హువా అంటే చైనా. అలా కోట్నీస్ 'కో డిహువా' అయ్యాడు.

చుంగ్‌కింగ్‌లో ఉండగానే కబురొచ్చింది, సోలాపూర్‌లో తండ్రి పోయాడని. ఈ మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోను మోగితే గుండె జారడం ఈ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. మనకు కనీసం విమానం ఉంది. టికెట్టు దొరుకుతుందా, కనెక్షన్ అందుతుందా, చివరిచూపు దక్కుతుందా అని లెక్కలు వేసుకుంటాం. ఆయనకు ఆ లెక్క కూడా లేదు. తోటివాళ్ళు వెళ్ళిపొమ్మన్నారు. ఎవరూ తప్పుపట్టరు కూడా. వచ్చిన పని ఇంకా మొదలే కాలేదు కదా అని ఆయన ఉండిపోయాడు. 1939 ఫిబ్రవరి 12న వాళ్ళు యెనాన్ చేరారు. అదొక గుహల ఊరు. పసుపు మట్టి కొండల్లో తొలిచిన గుహలే ఇళ్ళు, అవే ఆసుపత్రి వార్డులు.

వయసు వల్ల, అనారోగ్యం వల్ల అటల్, చోల్కర్, ముఖర్జీ ఒకరి తర్వాత ఒకరు స్వదేశానికి తిరిగి వెళ్ళారు. వాళ్ళు చేసింది తక్కువేమీ కాదు. బసు 1943లో తిరిగి వచ్చాడు. తర్వాతి కాలంలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని మన దేశంలో దానికి ప్రచారం తెచ్చింది కూడా ఆయనే. వెళ్ళినవారు అయిదుగురు, వచ్చినవారు నలుగురు. అయిదోవాడు రాలేదు.

ఇక్కడ ఇంకొక విదేశీ డాక్టరు గురించి చెప్పకపోతే కథ అర్థం కాదు. ఆయన నార్మన్ బెథ్యూన్, కెనడావాడు. స్పెయిన్ యుద్ధంలో సీసాల్లో నింపిన రక్తాన్ని బండి మీద యుద్ధభూమికి తీసుకెళ్ళి ఎక్కించిన మనిషి. 1938లో చైనా వచ్చాడు. గాయపడినవాడు డాక్టరు దగ్గరికి వచ్చేదాకా కూర్చోకూడదు, డాక్టరే గాయపడినవాడి దగ్గరికి వెళ్ళాలి అన్నది ఆయన పద్ధతి. ఆపరేషన్ సామాన్లు కంచరగాడిద మీద కట్టుకుని యుద్ధం జరిగే చోటికే వెళ్ళేవాడు.

ఇది నాకు బాగా అర్థమైన విషయం, ఎందుకంటే మా వృత్తిలో కూడా ఆలస్యమే అసలు శత్రువు. ఆ రోజుల సంగతి ఆలోచించండి. పెన్సిలిన్ ఇంకా జనానికి అందలేదు. తొడలో తూటా దిగిన సైనికుణ్ణి స్ట్రెచర్ మీద కొండలు దాటించి రెండు మూడు రోజులకు ఆసుపత్రికి చేరిస్తే, అప్పటికి గాయం కుళ్ళి గాంగ్రీన్ పట్టేది. కాలు తీసెయ్యాలి, లేదా ప్రాణం పోతుంది. అదే గాయాన్ని కొన్ని గంటల్లోపు శుభ్రం చేసి, పాడైన కండ కోసేస్తే మనిషి లేచి నడుస్తాడు. మందు అదే, కత్తి అదే, డాక్టరు అదే. తేడా అంతా దూరంలో ఉంది. కొత్త మందు కనిపెట్టకుండానే, ఆపరేషన్ బల్లను ముందుకు జరిపి ప్రాణాలు కాపాడారు.

అలా పనిచేస్తూనే బెథ్యూన్ వేలు తెగింది. విషం రక్తంలోకి ఎక్కి 1939 నవంబరు 12న పోయాడు. ఆ ఖాళీలోకి వెళ్ళినవాడు కోట్నీస్. 1940లో బసుతో కలిసి ఉత్తర చైనాలోని పోరాట ప్రాంతానికి వెళ్ళాడు. ఆ సంవత్సరం పెద్ద పోరు జరిగినప్పుడు మూడు పగళ్ళు మూడు రాత్రులు నిద్రలేకుండా ఆపరేషన్లు చేశాడని, ఆ దాడుల కాలంలో 800 మందికి పైగా గాయపడినవారిని చూశాడని ఆయన గురించి రాసినవారు చెబుతారు. 1941 జనవరిలో బెథ్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి మొదటి డైరెక్టరయ్యాడు. ఆసుపత్రి అంటే మనం ప్రెస్టన్ రోడ్డు మీద చూసే అద్దాల మేడలు ఊహించుకోకండి. పల్లెల్లో రైతుల ఇళ్ళు, తలుపు చెక్కలే మంచాలు, జపాన్ దళాలు వస్తున్నాయంటే రోగులతో సహా మూటలు కట్టుకుని కొండెక్కాలి.

ఆయన చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా కదిలించింది ఆపరేషన్ల లెక్క కాదు. ఆయన చైనీస్ నేర్చుకున్నాడు. ఏదో కూరగాయలు కొనుక్కోవడానికి సరిపోయేంత కాదు. ఆ భాషలో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పాడు. శస్త్రచికిత్స మీద ఆ భాషలోనే పాఠ్యపుస్తకం రాశాడు. ఆ లిపి చూస్తే మనకు కళ్ళు తిరుగుతాయి. కానీ ఆయనకు లెక్క తెలుసు. ఒక డాక్టరు రోజుకు పదిమందికి ఆపరేషన్ చేస్తాడు. పదిమంది డాక్టర్లను తయారుచేస్తే తను లేనినాడు కూడా పని సాగుతుంది. తను లేని రోజు ఒకటి వస్తుందని బహుశా ఆయనకు తెలిసే ఉంటుంది.

1941 నవంబరులో అక్కడి నర్సింగ్ టీచర్ గువో చింగ్‌లాన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1942 ఆగస్టు 23న కొడుకు పుట్టాడు. సేనాని నీ రోంగ్‌జెన్ ఆ బిడ్డకు 'యిన్‌హువా' అని పేరు పెట్టాడు. యిన్ అంటే భారతదేశం, హువా అంటే చైనా. అప్పటికే కోట్నీస్‌కు మూర్ఛలు మొదలయ్యాయి. వైద్యం కోసం వెళ్ళమని పైవాళ్ళు చెప్పినా పని వదిలి వెళ్ళలేదు. రెండో పాఠ్యపుస్తకం రాస్తున్న రోజుల్లో మూర్ఛ తిరగబెట్టి, 1942 డిసెంబరు 9న కన్నుమూశాడు. వయసు 32. కొడుక్కి నాలుగు నెలలు కూడా నిండలేదు.

ఆ తర్వాత కథ కూడా చల్లగా లేదు. ఆ కొడుకు కూడా వైద్యం చదివాడు. చదువు పూర్తి కావస్తుండగా 1967లో, 24 ఏళ్ళకే పోయాడు. చింగ్‌లాన్ గారు ఇండియా వచ్చి అత్తింటివాళ్ళను చూసి వెళ్తూ, 2012 జూన్‌లో 96 ఏళ్ళకు కన్నుమూశారు. అంటే భర్త పోయాక దాదాపు 70 ఏళ్ళు బతికారు. ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఎంతమంది జీవితాల మీదుగా ఎంత దూరం వెళ్తుందో చూడండి. త్యాగం అనే మాట సభల్లో సులువుగా వాడేస్తాం. దాని బిల్లు ఇంట్లోవాళ్ళకు వస్తుంది.

ఇక ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకున్నారో చూద్దాం. హెబెయ్ రాష్ట్రంలో షిజియాజువాంగ్ నగరంలోని అమరవీరుల వనంలో ఆయన సమాధి, విగ్రహం ఉన్నాయి. ఏప్రిల్‌లో చైనావాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే పండుగ రోజున ఆయన సమాధికి కూడా పూలు పెడతారు. అంటే మన లెక్కలో పెద్దలకు పెట్టుకోవడమన్నమాట. ఆ నగరంలో ఆయన పేరు మీద ఒక వైద్య పాఠశాల ఉంది. అక్కడి విద్యార్థులు ఆయన విగ్రహం ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. 1982లో చైనా ఆయన తపాలా బిళ్ళ వేసింది. 1993లో మన దేశం వేసింది. చైనా నాయకులు మన దేశం వచ్చినప్పుడల్లా కోట్నీస్ కుటుంబాన్ని కలవడం ఒక ఆనవాయితీ అయింది. 2006లో హు జింటావ్, 2013లో లీ కెచియాంగ్ ఆ పని చేశారు.

ఇప్పుడు అసలు కష్టమైన మాటకు వస్తున్నాను. ఇది చెప్పకుండా దండ వేసి దిగిపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్ళ నాయకుడు, 16 బిహార్ దళపతి, కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. మన సూర్యాపేట బిడ్డ. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ వార్త వచ్చిన రాత్రి ఇక్కడ టెక్సాస్‌లో మన ఇళ్ళల్లో ఎంతమంది నిద్రపోయారు? సరిగ్గా ఆ వేసవిలోనే, షిజియాజువాంగ్ పాఠశాలలో కోట్నీస్ కంచు విగ్రహం పెడుతున్నారని వార్తలు వచ్చాయి. ఒక చేత్తో మన కల్నల్‌ను చంపి, ఇంకో చేత్తో మన డాక్టరుకు విగ్రహమా అని ఎవరికైనా కోపం వస్తుంది. నాకూ వచ్చింది. 1962 చూసిన పెద్దవాళ్ళకు ఈ కోపం కొత్త కాదు.

ఈ కోపాన్ని కాదనడం లేదు. కోట్నీస్ గురించి దాచిపెట్టడమూ లేదు. ఆయన 1942 జూలైలో చైనా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆయన పోయినప్పుడు మావో సంతాప సందేశం రాశాడు. ఆయన పేరు దౌత్యానికి పనికొచ్చే పేరు, అందుకే నాయకులు పువ్వులు పట్టుకొస్తారు. ఇవన్నీ నిజాలే.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. పుణె నుంచి మచిలీపట్నం దాకా వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మనందరికీ తెలుసు. ఆ రోడ్డు సోలాపూర్ మీదుగా హైదరాబాదు వస్తుంది, అక్కడి నుంచి సూర్యాపేట మీదుగా బెజవాడ వెళ్తుంది. కోట్నీస్ ఊరు, సంతోష్ బాబు ఊరు ఒకే రోడ్డు మీద ఉన్నాయి. మధ్య దూరం సుమారు 450 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి హ్యూస్టన్ దాటి కొంచెం ముందుకు వెళ్ళినంత. ఒకాయన చైనా పల్లెల్లో గాయపడినవాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఒకాయన తన జవాన్ల ముందు నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళిపోయే అవకాశం ఇద్దరికీ ఉంది, ఇద్దరూ వెళ్ళలేదు. ఒకరిని తలుచుకుంటే రెండోవారికి ద్రోహం చేసినట్టని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నన్నడిగితే, సూర్యాపేట విగ్రహానికి దండ వేసిన చేతికే సోలాపూర్ డాక్టరుకు దండ వేసే హక్కు ఎక్కువ ఉంది.

ఎందుకంటే డాక్టరు చేసిన పని ప్రభుత్వాల సొత్తు కాదు. 1942లో ఆయన బల్ల మీద పడుకున్న రైతుకుర్రాడికి సరిహద్దు రేఖల సంగతి ఏమి తెలుసు? దండెత్తివచ్చిన సైన్యం కాల్చింది, రక్తం కారుతోంది, పరదేశి ఒకడు వచ్చి ఆపాడు. ఆ కృతజ్ఞత ఆ కుర్రాడిది, వాడి పిల్లలది. దాన్ని నాయకులు వాడుకుంటే అది వాళ్ళ లెక్క. కోపంతో మనం ఆయన్ను మరిచిపోతే నష్టపోయేది చైనా కాదు. మన పిల్లలకు ఒక మంచి మనిషి తెలియకుండా పోతాడు.

దీనికి ఇంకొక ఉదాహరణ ఉంది. 1950లో కొరియా యుద్ధం వచ్చింది. మన దేశం సైన్యాన్ని పంపలేదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది. దాని నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. కోట్నీస్ చైనా పక్షాన నిలబడి ఎనిమిదేళ్ళయింది, ఈసారి మన డాక్టర్లు ఐక్యరాజ్యసమితి సేనల పక్షాన ఉన్నారు, ఎదురుగా ఉన్నది చైనా సైన్యం. ఆ డిసెంబరులో ప్యాంగ్యాంగ్ నుంచి సేనలు వెనక్కి తగ్గుతున్నప్పుడు, మందులు, సామాన్లు వదిలిపెట్టి పొమ్మంటే ఈ దళం వినలేదు. ఒక పాత ఆవిరి ఇంజను వెతికి పట్టుకుని, బకెట్లతో బాయిలరులో నీళ్ళు పోసి, సామానంతా రైలెక్కించి తామే నడుపుకుంటూ నది దాటించారు. ఇంజనీరుగా నాకు ఈ భాగం మహా ఇష్టం. రంగరాజ్ గారికి కూడా మహావీర చక్ర వచ్చింది. కోట్నీస్ ఒక పక్షం, రంగరాజ్ మరో పక్షం. ఇద్దరూ చేసింది ఒకే పని. దెబ్బతిన్నవాడు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళారు.

చివరగా, చైనావాళ్ళను మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. మన సంగతేమిటి? మన దగ్గరికి వచ్చి మనకు చేసిన పరదేశీయులను మనం ఎంత గుర్తుపెట్టుకున్నాం? గుంటూరువాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. కుగ్లర్ ఆసుపత్రి తెలియని గుంటూరు మనిషి ఉండడు. అక్కడ పుట్టినవాళ్ళు కూడా ఇక్కడ కూర్చుని ఉండవచ్చు. కుగ్లర్ ఎవరు అంటే మాత్రం చాలామంది తడుముకుంటాం. ఆమె డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఈ అమెరికా మనిషే, పెన్సిల్వేనియా రాష్ట్రంవారు. 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడం కన్నా చావే మేలనుకునే రోజుల్లో ఆడవాళ్ళకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. 47 ఏళ్ళ అనుబంధం! అది యుద్ధకాలపు సేవ కాకపోవచ్చు. పురిట్లో తల్లులు పోయే కాలంలో ప్రతి ఇల్లూ ఒక యుద్ధభూమే. షిజియాజువాంగ్‌కు కోట్నీస్ ఎంతో గుంటూరుకు కుగ్లర్ అంత. ఆమె పుట్టిన దేశంలో మనం ఇళ్ళు కొనుక్కుని, పిల్లలను చదివించుకుంటూ హాయిగా ఉన్నాం. ఆ బాకీ గుర్తుచేసుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది?

పేరు బతకాలంటే విగ్రహం ఒక్కటే చాలదని ఈ కథ నాకు నేర్పింది. కోట్నీస్ పేరు చైనాలో నిలిచిందంటే, ఆ పేరును పనిలో పెట్టారు కాబట్టి. ఒక ఆసుపత్రి, ఒక బడి, ఏటేటా పూలు, చదువుకునే పిల్లల నోట ఒక ప్రమాణం. వాడని పేరు తుప్పు పడుతుంది.

అందుకని రెండు చిన్న కోరికలు కోరి ముగిస్తాను. ఒకటి, రెండేళ్ళకోసారి జరిగే మన మహాసభల్లో ఒక అరగంట, తెలుగువారికి సేవ చేసిన తెలుగువారు కాని ఒక మనిషి కోసం కేటాయించండి. సినిమావాళ్ళకు ఇచ్చే సమయంలో కోత పెట్టమనే ధైర్యం నాకు లేదు, ఆ అరగంట ఎక్కడి నుంచి తెస్తారో కార్యవర్గం ఇష్టం. ఆ పరిచయం మన పిల్లల చేత చేయించండి. తెలుగులో తడబడినా పరవాలేదు, కోట్నీస్ కూడా చైనీస్ తడబడుతూనే మొదలుపెట్టి ఉంటాడు.

రెండోది, ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక్కరోజు మిగిల్చుకుని ఆ 65వ నంబరు రోడ్డు పట్టుకోండి. తూర్పుకు వెళ్తే సూర్యాపేటలో కల్నల్ విగ్రహం ఉంది. పడమరకు వెళ్తే సోలాపూర్‌లో డాక్టరు ఇల్లు ఉంది, దాన్ని స్మారక భవనంగా ఉంచారు. రెండూ పిల్లలకు చూపించండి. తిరుగు ప్రయాణంలో తెలుగు మాట్లాడే ఏ కొట్లోనైనా ఆగి, ఒక దుప్పటి కొనుక్కుని రండి.